మొదటి పుస్తకం, సొంత ప్రచురణ: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పుస్తకావిష్కరణ సభ ఏదైనా సరే, అయిపోయి అందరూ లేచాక ఒకరిద్దరు పక్కకు వచ్చి గొంతు తగ్గించి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. డిసెంబరు బుక్ ఫెయిర్‌లోనూ అవే, వాట్సాప్‌లోనూ అవే. అడిగేవాళ్లలో బ్యాంకు నుంచి రిటైరైనవాళ్లు, టీచర్లు, ఐటీ ఉద్యోగులు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాస్త తీరిక దొరికిన అమ్మలు ఉంటారు. ఎవరు అడిగినా లోపలి బెరుకు ఒక్కలాంటిదే కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## రాయడం మొదలుపెట్టకముందు

నేను రచయితను కాను కదా, పుస్తకం రాయడానికి నాకేం అర్హత ఉంది?

రచయిత అని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. బొగ్గు గనిలో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకు, గాంధీ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన నర్సుకు, బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లికి తెలిసిన సంగతులు తెలుగు ఎం.ఏ. చేసినవాళ్లకు తెలియకపోవచ్చు. మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నేను చూసినదాన్ని ఇంత దగ్గరగా చూసినవాళ్లలో ఎంతమంది రాశారు? చాలా విషయాల్లో జవాబు ఒకరో ఇద్దరో, లేదంటే ఎవరూ లేరనే వస్తుంది. ఈ ఊళ్లోనే ఒక సంగతి జరిగింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించారు. మీ గురించి మీకే లోపల్నుంచి వినబడే "నువ్వు రాయలేవు" అన్న మాటకు కూడా వాదనతో జవాబు చెప్పలేం, రాసి చూపించాల్సిందే.

ఇంగ్లీష్ మీడియంలో చదివాను, నా తెలుగు సరిపోతుందా?

మీరు ఫోన్లో మీ అక్కతో మాట్లాడే తెలుగు సరిపోతుంది. శ, ష, స తేడాలు, ఒత్తులు, ల-ళ పొరపాట్లు ప్రూఫ్ రీడర్ సరిచేస్తారు, ఆ పనికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు. మీరు తప్ప ఇంకొకరు చేయలేనిది మీకు తెలిసిన సంగతి చెప్పడం. టైపింగ్ రాకపోతే ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, మాట్లాడండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. అయితే ఒక్క షరతు, రోజూ కొంత తెలుగు చదవాలి. చదవకుండా రాస్తే వాక్యం ఇంగ్లీష్ నడకలో పడిపోతుంది, అక్షరదోషాల కంటే అదే పెద్ద ఇబ్బంది, ఎందుకంటే దాన్ని ప్రూఫ్ రీడర్ బాగుచేయలేరు.

మా యాసలో రాయొచ్చా? నవ్వుతారేమో అని భయం.

రాయండి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రాష్ట్రంలో ఉండి ఇంకా ఈ భయం పోలేదంటే, బళ్లో మన మాటను ఎంతగా దిద్దారో అర్థమవుతుంది. పని విషయానికి వస్తే, సంభాషణలు మాత్రమే యాసలో ఉంచాలా, కథనం మొత్తమా అనేది ముందే తేల్చుకోండి, మధ్యలో మారితే చదివేవాళ్లకు కాలు తడబడుతుంది. ప్రూఫ్ రీడర్‌కు రాతప్రతితో పాటు ఒక కాగితం ఇవ్వండి: పోయిండు, గట్ల, జెర, ఏమాయె, ఇవి తప్పులు కావు, ముట్టుకోవద్దు అని. ఇవ్వకపోతే మంచి మనసుతోనే అన్నీ "సరిచేసి" పంపుతారు.

ఈ విషయం మీద ఇప్పటికే బోలెడు పుస్తకాలున్నాయి కదా?

ఆ పుస్తకాల్లో రెండు తెచ్చుకుని చదవండి. చదువుతుంటే "ఇది ఇలా కాదే, మా దగ్గర వేరే కదా" అని ఎక్కడో ఒకచోట అనిపిస్తుంది. మీ పుస్తకం అక్కడ మొదలవుతుంది. ఎక్కడా అలా అనిపించకపోతే విషయం మార్చుకోండి.

ఉద్యోగం, ట్రాఫిక్, ఇల్లు... టైమ్ ఎక్కడిది?

డెమ్మీ సైజు (మామూలు తెలుగు పుస్తకం సైజు) పేజీలో అటూఇటుగా 200 తెలుగు మాటలు పడతాయి. రోజుకు ఒక పేజీ చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే ఎనిమిది నెలల్లో 160 పేజీల పుస్తకానికి చిత్తుప్రతి తయారవుతుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రోలో వెళ్లేవాళ్లు సీటు దొరికితే ఆ పేజీ ఫోన్లోనే రాసేయొచ్చు. ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుని రాస్తాననే ప్లాన్ మాత్రం వద్దు. ఆ ఆదివారం పెళ్లో పేరంటమో వస్తుంది, రాయలేదన్న బాధ ఇంకో వారం పీడిస్తుంది.

## రాస్తున్నప్పుడు

మొదటి ఇరవై పేజీలు చదువుకుంటే చెత్తగా ఉంది. ఆపేయనా?

ఆపకండి. మీకు పుస్తకాల మీద అభిరుచి ఉంది కాబట్టే అలా అనిపిస్తోంది. ఇన్నేళ్లూ మీరు చదివినవన్నీ దిద్ది, తిరగరాసి, ఎడిటర్ చూసి, ప్రూఫ్‌లు అయ్యి మీ చేతికి వచ్చినవి. వాటి చిత్తుప్రతులు మీరెప్పుడూ చూడలేదు. ఇప్పుడు మీ చిత్తును ఇంకొకరి అచ్చు పుస్తకం పక్కన పెట్టి చూసుకుంటున్నారు, అలా చూస్తే ఎవరి రాతైనా వెలవెలబోతుంది.

ఇక్కడ నేను అందరికీ గట్టిగా చెప్పే పద్ధతి ఒకటుంది, మిగతావన్నీ మర్చిపోయినా ఇది ఉంచుకోండి. సందేహం వచ్చిన ప్రతిసారీ దాన్ని పేజీ నంబరుతో సహా కాగితం మీద రాయండి. "బాగాలేదు" అని రాస్తే కుదరదు. ఏది బాగాలేదు? "12వ పేజీలో మేనమామ వచ్చాడు కానీ ఎవరి మేనమామో చెప్పలేదు", "ఊరి వర్ణన మూడు పేజీలు సాగింది, నాకే విసుగొచ్చింది" అని రాయండి. అలా రాయగలిగిన సందేహం ఒక పని అయిపోతుంది, ఎప్పుడో ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది. ఎంత ప్రయత్నించినా పేజీ నంబరు రాయలేకపోయారనుకోండి, ఆ సందేహం మీ రాత గురించి కాదు, మీ గురించి. "ఇంత చిన్న ఊరి నుంచి వచ్చినవాడిని", "ఆడదాన్ని", "డిగ్రీ ఫెయిలైనవాడిని" లాంటివి దాని వెనకాల ఉంటాయి. అవి ఎప్పటినుంచో ఉన్నవి, పుస్తకం దిద్దితే పోవు, పుస్తకం ఆపినా పోవు. వాటిని అలా ఉండనిచ్చి 21వ పేజీ రాయండి.

ఇంకో చిన్న అలవాటు కూడా పనిచేస్తుంది. రోజు రాత ముగించేటప్పుడు రేపు ఏ మాటతో మొదలుపెట్టాలో కింద ఒక వాక్యం రాసి లేవండి. మర్నాడు నిన్నటి పేజీలు చదువుకుని దిగులుపడే అవసరం ఉండదు.

సగం రాశాక ఆగిపోయింది, నెలలు గడిచిపోయాయి. మళ్లీ ఎలా పట్టుకోవాలి?

మొదటినుంచీ చదవడం మొదలుపెడితే మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతారు. మీకు ఇష్టమైన ఘట్టం ఏదో, రాయాలని ఉవ్విళ్లూరుతున్నది ఏదో, పుస్తకం చివర్లో ఉన్నా సరే ముందు అది రాసేయండి. అధ్యాయాలు వరసలోనే పుట్టాలన్న రూలు లేదు. రాస్తే, మధ్యలో ఎందుకు ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు కారణం మామూలుగానే ఉంటుంది, ఒక తేదీ తెలియకపోవడమో, పెద్దమ్మను అడగాల్సిన వివరం అడగకపోవడమో.

రాస్తున్నది ఎవరికి చూపించాలి? ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు.

చిత్తు అయ్యేదాకా ఇంట్లో చూపించకండి. వాళ్లకు మీ మీద ప్రేమ లేక కాదు, రోజూ కూరగాయలు తెచ్చే మనిషి రచయిత అంటే వెంటనే నమ్మడం ఎవరికైనా కష్టం. పూర్తయ్యాక ముగ్గురికి ఇవ్వండి: బాగా చదివే అలవాటున్నవాళ్లు ఒకరు, మీ విషయం తెలిసినవాళ్లు ఒకరు, ఏమీ తెలియనివాళ్లు ఒకరు. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది అండీ" అంటారు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. "ఎక్కడ చదవడం ఆపి ఫోన్ చూశారు?" అని అడగండి.

మా కుటుంబం గురించి రాస్తున్నాను. బంధువులు గొడవ పెడితే?

గొడవ రావచ్చు, ముందే ఆలోచించుకోవాలి. బతికున్న మనిషి గురించి పరువు తీసే మాట రాస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు పెట్టే వీలుంది. పోయినవాళ్ల గురించి రాసింది కుటుంబసభ్యుల మనసు గాయపరిచేలా ఉన్నా అది వర్తించవచ్చు. నిజం అయినంత మాత్రాన సరిపోదు, అది చెప్పడం వల్ల ప్రజలకు మేలు ఉందని కూడా చూపించాలి. పేరు, ఊరు, వృత్తి మార్చడం ఒక దారి. ఇంకో దారి, ఆ సంఘటన వల్ల మీకేమైందో రాయడం, ఎదుటి మనిషి బుద్ధి ఎలాంటిదో తీర్పు చెప్పకపోవడం. ఆస్తి తగాదాలు, కోర్టులో నడుస్తున్న వ్యవహారాలు ఉంటే అచ్చుకు ముందు ఒక లాయర్‌కు చదవమని ఇవ్వండి. చట్టం సంగతి అలా ఉంచితే, అమ్మ గురించి రాసిన అధ్యాయం అమ్మకు ముందుగా చదివి వినిపించడం మంచిదని నా అభిప్రాయం.

ఏఐతో రాయించేస్తే త్వరగా అయిపోదా?

పేజీలు తయారవుతాయి. కానీ మీ మేనత్త తిట్టిన తిట్టు, మీ వాడకట్టు వాసన అందులో ఉండవు, చదివేవాళ్లు మీ దగ్గరికి వచ్చేది వాటికోసమే. పాత చేతిరాత కాగితాల్ని ఫోటో తీసి టైపు చేయించుకోవడానికి వాడుకోండి.

## చిత్తుప్రతి పూర్తయ్యాక

ఎన్నిసార్లు దిద్దినా తృప్తి లేదు. ఎప్పుడు ఆపాలి?

ఒక మాట మార్చి, మర్నాడు మళ్లీ పాత మాటే పెడుతున్నారంటే ఆపే సమయం వచ్చినట్టే. దానికి ముందు మాత్రం ఒక్కసారి మొత్తం పుస్తకాన్ని పైకి చదవండి. నోరు తిరగని వాక్యం, ఊపిరి అందని వాక్యం, చదువుతుంటే మీకే సిగ్గనిపించే అలంకారం, అన్నీ చెవికి దొరుకుతాయి.

పబ్లిషర్లు జవాబివ్వలేదు. సొంతంగా వేసుకుంటే చిన్నతనం కాదా?

మీ ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలు ఓ పది తీసి టైటిల్ పేజీ వెనకాల చూడండి. "ప్రచురణ" అన్నచోట రచయిత పేరో, ఇంటి పేరు మీద పెట్టుకున్న ప్రచురణల పేరో, తల్లిదండ్రుల జ్ఞాపకార్థం పెట్టిన పేరో కనబడుతుంది. "ప్రతులకు" అన్నచోట రచయిత ఇంటి అడ్రసు ఉంటుంది. తెలుగులో కవిత్వం, కథలు చాలావరకు ఇలాగే వస్తున్నాయి, మంచి పేరున్నవాళ్లవి కూడా. పబ్లిషర్ తీసుకోలేదంటే ఆ సంవత్సరం వాళ్ల డబ్బు వేరే పుస్తకాల్లో ఉందని కూడా అర్థం కావచ్చు. నాకు కోపం తెప్పించే విషయం వేరే ఉంది: ఈ చిన్నతనం అనే భావాన్ని పట్టుకుని ప్యాకేజీలు అమ్మేవాళ్లు. ప్రచురిస్తామని చెప్పి మీ దగ్గరే డబ్బులు తీసుకునేవాళ్లు, అవార్డు కూడా ఇప్పిస్తామనేవాళ్లు. డబ్బు మీది అయినప్పుడు హక్కులు, పీడీఎఫ్, ఎడిట్ చేసుకునే డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చిన) ఫైలు, కవర్ ఫైలు అన్నీ మీ చేతికి రావాలి. అవి ఇవ్వబోమని వాళ్లంటే సంతకం పెట్టకండి.

పెద్ద రచయితతో ముందుమాట తప్పనిసరా?

అవసరం లేదు. నిజంగా చదివి రాస్తే అందం, చదవకుండా రాసింది పాఠకులకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ముందుమాట కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ ఆగిపోయిన పుస్తకాలు ఉన్నాయి. ఒక గడువు చెప్పండి, దాటితే మీ మాట మీరే రాసుకుని అచ్చుకు వెళ్లిపోండి.

సినిమా పాట పల్లవి, కవిత పాదాలు పెట్టుకోవచ్చా?

మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది, లెక్క మరుసటి సంవత్సరం మొదటినుంచి. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసింది వాడుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 చివరిదాకా హక్కులుంటాయి. విమర్శ, సమీక్షలో చర్చించడానికి కొద్ది పాదాలు ఉదహరించడం వేరు, అధ్యాయం మొదట్లో అందంకోసం పల్లవి వేయడం వేరు. రెండోదానికి అనుమతి తీసుకోండి, లేదంటే పాట గురించి మీ మాటల్లో చెప్పండి.

## అచ్చు

ఎంత ఖర్చవుతుంది? ప్రెస్ వాళ్లు ఏం అడుగుతున్నారో అర్థం కావట్లేదు.

లెక్క ఫారాల్లో నడుస్తుంది. 1/8 డెమ్మీ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు, ఒక డెమ్మీ షీటు. పది ఫారాల పుస్తకం, అంటే 160 పేజీలు, 500 కాపీలు వేస్తే 5,000 షీట్లు, రీముకు 500 చొప్పున పది రీముల కాగితం, పైన కొంత వేస్టేజీ. అందుకే 163 పేజీలొస్తే మూడు పేజీలు తగ్గించమంటారు. లోపలికి 70 లేదా 80 జీఎస్ఎం (కాగితం మందాన్ని సూచించే బరువు కొలత) మ్యాప్‌లిథో, కవర్‌కు 250 లేదా 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మామూలుగా వాడతారు. కొటేషన్ అడిగేటప్పుడు సైజు, పేజీలు, కాగితం, కవర్ లామినేషన్, బైండింగ్, కాపీలు ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి మూడు ప్రెస్సులకు అదే ఇవ్వండి, అప్పుడే రేట్లు పోల్చుకోగలరు. డీటీపీ, ప్రూఫ్, కవర్ డిజైన్ ఖర్చులు వేరు.

ఎన్ని కాపీలు వేయాలి?

మొదటి పుస్తకానికి ధైర్యం తక్కువున్నవాళ్లే చిత్రంగా వెయ్యి వేస్తారు, కాపీకి రేటు తగ్గుతుందని ప్రెస్‌లో చెబుతారు కాబట్టి. మంచం కింద కట్టలు పేరుకుంటే ఆ దిగులు రెండో పుస్తకాన్ని కూడా ఆపేస్తుంది. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలతో మొదలుపెట్టొచ్చు. ఆఫ్‌సెట్ అచ్చుకు చేయించే ప్లేట్ల ఖర్చు ఉండదు, కాపీకి ఎక్కువ పడుతుంది, అంతే. పేరుపేరునా కొంటారని నమ్మకమున్నవాళ్ల జాబితా రాయండి, ఆ సంఖ్యకు కొంచెం పైన వేయండి.

డీటీపీ అను ఫాంట్లలో చేయించాలా, యూనికోడ్‌లోనా?

యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా చదవగలిగే పద్ధతిలో. చాలామంది డీటీపీ వాళ్లకు పాత పద్ధతి అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ చేతికి అలవాటు, అచ్చుకు బాగానే వస్తుంది. కానీ ఆ ఫైలు ఈ-బుక్‌కు, వెబ్‌కు పనికిరాదు, మార్చేటప్పుడు ఒత్తులు, అరసున్నలు చెదిరిపోతాయి, ప్రూఫ్ మళ్లీ మొదటినుంచీ చూడాలి. మండలి, రామరాజ, గురజాడ, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

ఐఎస్‌బీఎన్ ఎంతకు కొనాలి?

కొనక్కర్లేదు. పుస్తకాన్ని గుర్తుపట్టేందుకు ఇచ్చే ఈ నంబరును మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితగా మీరే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కు వేరేది తీసుకోవాలి. కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి కవర్ ఫైనల్ చేసేముందే పెట్టండి.

కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే ఎవరైనా కాజేస్తారా?

రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. తేదీలున్న చిత్తు ఫైళ్లు, మెయిళ్లు జాగ్రత్త చేసుకోండి.

## పుస్తకం చేతికొచ్చాక

స్టేజీ ఎక్కాలంటే వణుకు. ఆవిష్కరణ సభ పెట్టాల్సిందేనా?

పెట్టకపోయినా పుస్తకం పుస్తకమే. పెడితే త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తెలంగాణ సారస్వత పరిషత్తు ఇలాంటి హాళ్లు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. ఎనిమిది మంది వక్తలు, శాలువాలు ఉంటే చివరికి రచయితకు మిగిలేది ఐదు నిమిషాలు, అప్పటికి సగం మంది బస్సు కోసం వెళ్లిపోతారు. చదివినవాళ్లు ఇద్దరు మాట్లాడి, మీరు ఒక పేజీ చదివితే చాలు. చదవడానికి వణుకు అడ్డు రాదు, కాగితం చేతిలో ఉంటుంది.

షాపుల్లో పెట్టించాలంటే ఎవరిని కలవాలి?

కాచిగూడ నవోదయ బుక్ హౌస్ లాంటి చోటికి ఐదారు కాపీలు పట్టుకుని నేరుగా వెళ్లండి. మామూలుగా అమ్మినదాని మీద 30 నుంచి 40 శాతం కమీషన్ ఉంటుంది, అమ్ముడయ్యాకే డబ్బులు. ఎన్ని ఇచ్చారో రసీదు రాయించుకోండి. ధర వేసేటప్పుడే ఈ కమీషన్ లెక్కలో పెట్టుకోండి. ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌కు ఒక్క పుస్తకంతో స్టాల్ తీసుకుంటే గిట్టదు, నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకుంటారు.

పోస్టులో పంపితే పుస్తకం ధరంత అవుతోంది, ఏం చేయాలి?

2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశాక ఈ బాధ ఎక్కువైంది. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది, 300 గ్రాముల లోపు 20 రూపాయలతో మొదలు, పన్ను అదనం. విద్య, సాంస్కృతిక, సామాజిక విషయాల పుస్తకాలకు వర్తిస్తుంది, ప్రకటనలు ఉన్నవి తీసుకోరు. మీ పుస్తకం ఒక కాపీ పట్టుకెళ్లి కౌంటర్‌లో అడిగి చూడండి.

మూడో పేజీలోనే అచ్చుతప్పు. నిద్ర పట్టడం లేదు.

పేజీ నంబర్లతో తప్పుల పట్టిక ఒకటి రాసి ఫైల్లో పెట్టండి, తర్వాత వేసే కాపీల్లో దిద్దండి. అర్థమే మారిపోయే తప్పయితే ఒక చిన్న స్లిప్ ముద్రించి లోపల పెట్టండి. మిగతావి చదివేవాళ్లు మీరనుకున్నంతగా గమనించరు.

పుస్తకం ఇచ్చిన ఎవరూ ఒక్క మాట అనలేదు. నచ్చలేదనేనా?

చాలామంది ఇంకా చదవలేదు. ఉచితంగా ఇచ్చిన పుస్తకం అల్మారాలో త్వరగా నిద్రపోతుంది, అందుకే దగ్గరివాళ్లకైనా సగం ధరకైనా అమ్మమంటాను. చదివినవాళ్లకు కూడా రచయితతో ఏమనాలో తెలియదు. రెండు నెలలు ఆగి, "మూడో కథలో ముసలమ్మ ఎలా అనిపించింది" అని ఒక్క విషయం అడగండి, మాటలు వస్తాయి.

లైబ్రరీలకు పంపాలా? ఎక్కడికి?

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత లైబ్రరీలకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఊళ్లో అయితే 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ ఉన్నాయి. ఒక్కో కాపీ స్వయంగా వెళ్లి ఇవ్వండి, మీ సొంత ఊరి శాఖా గ్రంథాలయానికి రెండు ఇవ్వండి.